క్లిప్పులు బిగించిన మూడు రోజులు: దవడ నొప్పి, బిగువు తగ్గించే మార్గాలపై ఒక సమీక్ష

వంకర పళ్ళను వరసకు తేవడానికి చికిత్స ముగిసేదాకా పంటికే అంటించి ఉంచే పరికరాలను ఏలూరు, తాడేపల్లిగూడెం ప్రాంతాల్లో క్లిప్పులంటారు. ఒక్కొక్క పంటికి బ్రాకెట్ అనే చిన్న గుబ్బను అంటించి, ఆ గుబ్బల గాడుల్లో తీగను కూర్చి, నాలుగు నుంచి ఆరు వారాలకొకసారి ఆ తీగను మార్చడమో బిగించడమో ఈ చికిత్సలోని ప్రధాన క్రమం. అలా బిగించిన ప్రతిసారీ కొద్ది రోజులపాటు పళ్ళు పులిసినట్టుండి దేన్నీ కొరకలేకపోవడం, దవడ బరువెక్కి పట్టేసినట్టుండటం రోగులలో అత్యధికులు చెప్పే బాధ. ష్యూరర్ బృందం 1996లో ప్రచురించిన పరిశీలనలో, 170 మంది రోగులలో పరికరం అమర్చిన 4 గంటలకు 65 శాతం, 24 గంటలకు 95 శాతం మంది నొప్పి ఉందన్నారు. మొదటి తీగ వేసినప్పటి నొప్పి, చికిత్స కోసం పన్ను తీయించుకున్నప్పటి నొప్పికన్నా ఎక్కువగా ఉందని జోన్స్, చాన్‌ల 1992 నాటి పరిశీలనలో రోగులే చెప్పారు. పన్ను తీయడమంటే కంగారుపడి, తీగ మార్చడమంటే తేలిగ్గా తీసుకునే ఇంటి పెద్దలు గమనించదగ్గ సంగతి ఇది.

ఏలూరు చెంత దుగ్గిరాలలో ఉన్న సెయింట్ జోసెఫ్ దంత వైద్య కళాశాల, భీమవరంలోని విష్ణు దంత వైద్య కళాశాల, పట్టణాల్లోని ప్రైవేటు దంత వైద్యశాలలు ఈ ప్రాంతంలో క్లిప్పుల చికిత్సకు ఆధారాలు. కైకలూరు వైపునుంచి, కొల్లేటి లంక గ్రామాలనుంచి వచ్చేవారు ఆటోలోనో బస్సులోనో పొద్దున బయలుదేరి మధ్యాహ్నానికి పని ముగించుకొని తిరుగుముఖం పడతారు. తీగ బిగించిన క్షణంలో ఒత్తిడే తప్ప చెప్పుకోదగ్గ నొప్పి ఉండదు గనుక కుర్చీ దిగినవారు నిశ్చింతగానే ఇల్లు చేరతారు. అసలు నొప్పి రెండు నుంచి నాలుగు గంటల తరువాత మొదలై, రాత్రికి పెరిగి, మర్నాటికి పతాకస్థాయికి చేరుతుంది. బిగించేది పట్టణంలోనైతే బాధపడేది పల్లెలో, అదీ వైద్యుడు అందుబాటులో లేని వేళలో. ఈ సమస్యకు సంబంధించిన ఉపశమన మార్గాలన్నింటినీ ఈ దూరాన్ని, ఈ కాలక్రమాన్ని దృష్టిలో ఉంచుకొని తూచవలసి ఉంటుంది. ప్రయోగశాలలో మేలనిపించిన ఉపాయం కూడా ఆ రాత్రి ఆ ఇంట్లో అందనిదైతే దాని విలువ స్వల్పమే.

నొప్పి ఎందుకు ఆలస్యంగా వస్తుందో తెలియాలంటే పంటి చుట్టూ ఉన్న కణజాలాన్ని తెలుసుకోవాలి. పన్ను ఎముకలో నేరుగా పాతుకొని ఉండదు. పంటి వేరుకూ దాన్ని పట్టుకున్న ఎముక గూటికీ మధ్య పీరియడాంటల్ లిగమెంట్ అనే నారల పొర, సుమారు మిల్లీమీటరులో అయిదో వంతు మందాన, రక్తనాళాలతోనూ నాడుల కొనలతోనూ నిండి ఉంటుంది. తీగ పంటిని ఒకవైపు నెట్టినప్పుడు ఆ వైపు పొర నలిగి, రక్తప్రసారం తగ్గి, దెబ్బతిన్న కణాలనుంచి ప్రోస్టాగ్లాండిన్లు, హిస్టమిన్, సబ్‌స్టెన్స్ పి వంటి రసాయనాలు విడుదలై, నాడుల కొనలను మామూలు తాకిడికి కూడా నొప్పిగా స్పందించేటట్టు మారుస్తాయి. ఈ వాపు ప్రక్రియ పుంజుకోవడానికి గంటలు పడుతుంది. చార్లెస్ బర్‌స్టోన్ 1960లలోనే తక్షణ నొప్పిని, ఆలస్యంగా వచ్చే నొప్పిని వేరుచేసి చూపాడు; అంతకు ముందే 1932లో ష్వార్జ్, పంటిమీద పెట్టే బలం కేశనాళికల్లోని రక్తపు ఒత్తిడిని మించకూడదని, చదరపు సెంటీమీటరుకు 20 నుంచి 26 గ్రాముల మధ్య ఉండటం మేలని ప్రతిపాదించాడు. అయితే పంటిని కదిలించే ఎముక మార్పులకు ఆ రసాయనాలే ప్రేరణ గనుక, నొప్పి ఊసే లేకుండా పన్ను కదలాలనుకోవడం అత్యాశే.

ఎర్డించ్, డించర్‌ల 2004 నాటి పరిశీలనతో సహా అనేక అధ్యయనాలు ఒకే కాలక్రమాన్ని చూపుతున్నాయి: రెండు గంటలకు ఆరంభం, 24 గంటలకు గరిష్ఠం, మూడో రోజుకు స్పష్టమైన తగ్గుదల, వారం లోపల దాదాపు శమనం. లావు తీగ, సన్న తీగల మధ్యగానీ, తనంతట తానే తీగను పట్టుకొనే ఖరీదైన బ్రాకెట్లకూ మామూలు బ్రాకెట్లకూ మధ్యగానీ నొప్పిలో నిలకడైన తేడా రుజువు కాలేదు. ఒకే వైద్యుడు ఒకే తీగ వేసిన ఇద్దరు పిల్లల్లో ఒకరు సాయంత్రమే ఆటకు పోవడం, మరొకరు రెండు రోజులు మంచం దిగకపోవడం మామూలే. దీనికి కారణం తీగలో కన్నా నాడుల స్పందనలోనూ, ముందున్న భయంలోనూ ఎక్కువగా ఉంది.

దవడ నొప్పి అని రోగి చెప్పేది నిజానికి మూడు వేర్వేరు చోట్లనుంచి రావచ్చు, ఉపశమనం ఆ చోటునుబట్టి మారుతుంది. మొదటిది పైన చెప్పిన పంటి పొర నొప్పి. ఇది పళ్ళు కలిసినప్పుడు జివ్వుమని, దవడ ఎముక అంతటా పాకినట్టు తోస్తుంది. రెండోది నమిలే కండరాల నొప్పి. చెంప వెనుక భాగంలో, పళ్ళు గట్టిగా కరిచినప్పుడు వేలికి ఉబ్బుగా తగిలే మాసెటర్ కండరం, నొప్పి పళ్ళను తాకనీయకుండా దవడను కాపాడే ప్రయత్నంలో నిరంతరం బిగిసి ఉండటంవల్ల అలసిపోతుంది. చికిత్సలో భాగంగా వెనుక పళ్ళమీద సిమెంటు దిమ్మెలు పెట్టి కాటును ఎత్తినప్పుడు, పై దవడకూ కింది దవడకూ రబ్బరు బ్యాండ్లు తగిలించినప్పుడు, చాలాసేపు నోరు తెరిచి కూర్చోవలసి వచ్చినప్పుడు ఈ కండరాల పట్టు మరింత స్పష్టంగా ఉంటుంది. మూడోది చెవికి ముందుండే దవడ కీలు. నోరు తెరిచినప్పుడు అక్కడ టక్కుమనే శబ్దం చాలామందిలో నొప్పి లేకుండానే ఉంటుంది, దానికి చికిత్స అక్కరలేదు. క్లిప్పుల చికిత్స ఈ కీలు జబ్బును పుట్టించదని, పోగొట్టదని కూడా ఈనాటి పరిశోధనల సారాంశం. నిద్ర లేవగానే దవడ పట్టేసి గంటలో సడలితే అది కండరాలదని, అన్నం ముద్ద నోట పెట్టినప్పుడే బాధ అయితే అది పళ్ళదని స్థూలంగా గుర్తుపట్టవచ్చు.

ఔషధాల విషయంలో పరిశోధన సమృద్ధిగా ఉంది. నొప్పి మాత్రలపై కోక్రేన్ సంస్థ 2017లో ప్రచురించిన సమీక్ష 32 ప్రయోగాలను, 3,110 మంది రోగులను పరిగణనలోకి తీసుకొంది. ఏ మందూ లేని ఉత్తుత్తి మాత్రకన్నా నొప్పి మాత్రలు మెరుగని, ఐబుప్రొఫెన్ వంటి వాపు తగ్గించే మందులకూ పారాసిటమాల్‌కూ మధ్య 2, 6, 24 గంటల వద్ద చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదని అది తేల్చింది. తీగ బిగించడానికి గంట ముందే ఐబుప్రొఫెన్ వేసుకొంటే మొదటి రెండు గంటల్లో కొంత మేలు కనబడినా, ఆ తరువాత ఆ తేడా నిలవలేదు. ఐబుప్రొఫెన్ ప్రోస్టాగ్లాండిన్ల తయారీని అడ్డుకొంటుంది కాబట్టి పంటి కదలిక కూడా నెమ్మదిస్తుందేమోనన్న సందేహం జంతు ప్రయోగాలనుంచి వచ్చింది. ఒకటి రెండు రోజులు వాడినంతమాత్రాన మనుషుల్లో చికిత్స ఆలస్యమవుతుందనడానికి ఆధారం లేకపోయినా, రెండు మందుల ఫలితం ఒకటే అయినప్పుడు ఆ సందేహానికే తావివ్వని పారాసిటమాల్‌ను ముందుంచడం సబబు.

కొల్లేటి ప్రాంతానికి ఈ ఎంపికలో మరొక కారణమూ ఉంది. చేపల చెరువులు, మురుగు కాలువలు, డెల్టా పల్లపు నేలలు కలిసిన ఈ సీమలో వానాకాలంలో దోమల బెడద, జ్వరాలు మామూలు. డెంగీ జ్వరంలో ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ రక్తస్రావ ప్రమాదాన్ని పెంచుతాయి. జూలై నుంచి నవంబరు దాకా, ఒళ్ళు వెచ్చగా ఉన్నవారు పంటి నొప్పికని ఆ మాత్రలు మింగకూడదు. జ్వరం క్లిప్పులవల్ల వచ్చిందేనని సరిపెట్టుకోవడం అంతకన్నా పెద్ద పొరపాటు, ఎందుకంటే తీగ బిగించడంవల్ల జ్వరం రాదు.

మోతాదు సంగతికొస్తే, పిల్లలకు పారాసిటమాల్ కిలో బరువుకు 15 మిల్లీగ్రాముల చొప్పున, ఆరు గంటల ఎడంతో, రోజుకు నాలుగుసార్లకు మించకుండా ఇవ్వవచ్చు. క్లిప్పులు వేయించుకొనే వయసులోని 40 కిలోల పిల్లవాడికి ఈ లెక్కన ఒక పూటకు 600 మిల్లీగ్రాములు హద్దు కాగా, కరోనా కాలంనుంచి ఇంటింటా నిలవ ఉంటున్న 650 మాత్ర ఆ హద్దును దాటుతుంది, 500 మాత్ర చాలు. మందుల దుకాణంలో తరచుగా చేతికొచ్చే జంట మాత్రల్లో పారాసిటమాల్ కలిసే ఉంటుంది గనుక దానిమీద విడిగా మరో పారాసిటమాల్ వేయడం మోతాదును తెలియకుండానే రెట్టింపు చేస్తుంది. నిమెసులైడ్‌ను 12 ఏళ్ళ లోపు పిల్లలకు ఇవ్వరాదని భారత ప్రభుత్వం 2011లోనే నిషేధించింది. ఊళ్ళో ఆర్‌ఎంపీ చేత డైక్లోఫెనాక్ సూది వేయించుకొనే అలవాటుకు ఈ నొప్పి విషయంలో సమర్థన ఏదీ లేదు. మాత్రతో తగ్గే నొప్పికి సూది వాడటం, తుంటి నరానికి దెబ్బ, చీముగడ్డ వంటి అక్కరలేని ప్రమాదాలను కొనితెచ్చుకోవడమే. ఉబ్బసం, కడుపులో పుండు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఐబుప్రొఫెన్ జోలికి పోకపోవడం మంచిది, మిగిలినవారు కూడా దాన్ని పరగడుపున వేసుకోకూడదు; నొప్పివల్ల అన్నం మానేసిన పిల్లలకు ఈ హెచ్చరిక మరీ వర్తిస్తుంది.

నమలాలా, మానాలా అన్నది పరిశోధకుల మధ్య నడిచిన ఆసక్తికరమైన వాదం. నమలడంవల్ల నలిగిన పొరలోకి రక్తం తిరిగి ప్రవహించి, పోగుపడిన రసాయనాలు కొట్టుకుపోతాయన్నది ఒక పక్షం. దీన్ని పరీక్షించడానికి ఇంగ్లండ్‌లో 11 నుంచి 17 ఏళ్ళ వయసున్న 1,000 మంది రోగులపై జరిగి 2016లో ప్రచురితమైన పెద్ద ప్రయోగంలో, చక్కెర లేని చూయింగ్ గమ్ నమిలినవారు ఐబుప్రొఫెన్ తక్కువగా వాడారని, వారి బ్రాకెట్లు ఊడిపోవడం కూడా ఎక్కువ కాలేదని తేలింది. దీనికి భిన్నంగా ఒటాసెవిచ్ బృందం 2006లో, మెత్తని ప్లాస్టిక్ ముక్కను కొరకమన్నవారికన్నా గట్టి పదార్థాలు మానమన్నవారికే నొప్పి తక్కువగా ఉందని చూపింది. రెంటినీ సమన్వయపరచడం కష్టమేమీ కాదు: నొప్పి ఇంకా రగలని మొదటి కొద్ది గంటల్లో మెల్లగా నమలడం మేలు చేయవచ్చు, నొప్పి పతాకస్థాయిలో ఉండగా బలవంతంగా కొరికించడం హింసే అవుతుంది. దుగ్గిరాలలో తీగ బిగించుకొని కైకలూరు బస్సెక్కిన యువకుడు దారి పొడవునా చక్కెర లేని గమ్ నమిలితే అది ఉపయోగకరమైన ప్రయాణమే. కొట్లో రూపాయికి దొరికే తీపి గమ్ మాత్రం బ్రాకెట్ల చుట్టూ పుచ్చు తెస్తుంది, దవడ కండరాల నొప్పి ప్రధానంగా ఉన్నవారికి ఏ గమ్మూ పనికిరాదు.

ఆహారం విషయంలో పాశ్చాత్య గ్రంథాలు చెప్పే సూపులు, గుజ్జు బంగాళాదుంపల జాబితాను ఇక్కడి వైద్యులు యథాతథంగా చీటీమీద రాసివ్వడం ఒక వింత, ఎందుకంటే గోదావరి సీమ వంటిల్లు ఈ అవసరానికి ఎప్పుడో సిద్ధంగా ఉంది. ముద్దపప్పు నెయ్యి కలిపిన మెత్తని అన్నం, చారన్నం, గడ్డపెరుగన్నం, ఇడ్లీ, గోధుమరవ్వ ఉప్మా, రాగి జావ, సగ్గుబియ్యం జావ, చిదిమిన అరటిపండు, ఎండాకాలంలో తాటిముంజలు, మామిడి రసం: ఇవన్నీ నాలుకకూ అంగిలికీ మధ్య నలిగిపోయేవే. పులిసిన చద్దన్నం చల్లగానూ మెత్తగానూ ఉండి మొదటి రెండు పొద్దుటి పూటలకు చక్కగా సరిపోతుంది. మాంసకృత్తుల కొరత రాకుండా గుడ్డు, పప్పు, పెరుగు ఉంటే చాలును గాని, కొల్లేటి వారికి చేప లేని రోజు ఉండదు కాబట్టి అందులో ఎంపిక అవసరం. కొరమేనులో కండ మధ్య సన్న ముళ్ళు తక్కువ, పులుసులో మెత్తగా ఉడుకుతుంది. చెరువుల్లో విరివిగా పెంచే బొచ్చె, శీలావతి చేపల్లోని చీలిక ముళ్ళు తీగకూ బ్రాకెట్‌కూ మధ్య ఇరుక్కొని చిగురును గుచ్చుతాయి, నొప్పిగా ఉన్న పళ్ళతో వాటిని ఏరి తినడం కూడా కష్టం. పులుసులో కారం, చింతపండు కొంత తగ్గిస్తే తీగ రాపిడికి పొక్కిన నోరు మండదు.

మానవలసినవాటిలో తాటి తేగలది మొదటి స్థానం. పీచును పళ్ళతో చీల్చి లాగే ఆ తిండి దవడకూ బ్రాకెట్లకూ ఒకేసారి పరీక్ష. చెరకు, దోరజామ, మొక్కజొన్న పొత్తు, జీళ్ళు, వేరుశెనగ ఉండలు కూడా ఆ కోవలోవే, జామను సన్నగా కోసి పక్క పళ్ళతో తినడం ఒక వారం ఆగాక పరవాలేదు. తాడేపల్లిగూడెం నిట్ వంటి చోట్ల వసతిగృహంలో ఉండి చదువుకొనేవారికి వండిపెట్టే ఇల్లు దగ్గర లేదు గనుక మెస్సులో దొరికే పెరుగు, పప్పు, ఇడ్లీలే శరణ్యం. చపాతీని సాంబారులో నానబెట్టి తినడం వారికి తెలిసిన కిటుకే. సెలవుల్లోనే ఇంటికి వస్తారు కాబట్టి సంక్రాంతి ముందు రోజుల్లో తీగ బిగించుకోవడం విద్యార్థులకు సౌకర్యంగా తోస్తుంది, అయితే జంతికలు, చెగోడీలు, అరిసెలు డబ్బాల నిండా ఉండే సమయానికే నొప్పి గరిష్ఠంగా ఉండేటట్టు ముహూర్తం పెట్టుకోవడమే అది. పండుగకు వారం పది రోజుల ముందో, కనుమ వెళ్ళాకో అయితే ఇబ్బంది ఉండదు.

చల్లని నీటికి శాస్త్రీయమైన ఆధారం ఒకటుంది. 1960ల ప్రాంతంలో అమెరికా నౌకాదళ ప్రయోగశాలలో విలియం బ్యూలర్ బృందం రూపొందించిన నికెల్-టైటానియం మిశ్రలోహాన్ని జార్జ్ ఆండ్రియాసన్ 1970ల ఆరంభంలో దంత చికిత్సకు తెచ్చాడు; ఆ లోహంతో తరువాత వచ్చిన ఉష్ణ స్పందన తీగలు చల్లబడినప్పుడు మెత్తబడి, వెచ్చబడినప్పుడు బిగుస్తాయి. చల్లని మజ్జిగ పుక్కిట పట్టినంతసేపు హాయిగా ఉండటానికి, వేడి టీ తాగగానే పళ్ళు లాగినట్టు ఉండటానికి ఇదొక కారణం. గోరువెచ్చని ఉప్పునీటి పుక్కిలింత పంటి నొప్పిని తగ్గించదు, పొక్కిన చెంపలకు మాత్రం ఉపశమనమిస్తుంది. లవంగ నూనె పుచ్చిన పంటికి పనికొచ్చే మందు. ఇక్కడ పుచ్చే లేదు, నూనె చిగురుకు తగిలితే కాలుతుంది.

లేజర్ కాంతి, కంపన పరికరాలు నగరాల్లో ప్రచారం పొందుతున్నాయి. మందులు లేని పద్ధతులపై కోక్రేన్ 2016లో చేసిన సమీక్ష 14 ప్రయోగాలను, 931 మందిని పరిశీలించి, తక్కువ శక్తి లేజర్ స్వల్పకాలంలో కొంత ఉపశమనం ఇవ్వవచ్చునని, అయితే ఆధారాల నాణ్యత తక్కువని చెప్పింది. వందో రెండు వందలో ఖర్చుపెట్టి ఏలూరు చేరి, ఆ రోజు కూలి వదులుకొనే కుటుంబాన్ని లేజర్ కోసం మర్నాడు మళ్ళీ రమ్మనడానికి ఈ పాటి ఆధారం చాలదు.

దీనికన్నా చౌకైనది, ఎక్కువగా నిరూపితమైనది ఫోను. బార్ట్‌లెట్ బృందం 2005లో 150 మంది రోగులతో చేసిన ప్రయోగంలో, పరికరం అమర్చిన తరువాత ఫోను చేసి పలకరించినవారికి నొప్పి, ఆందోళన రెండూ తగ్గాయి. సలహాలు చెప్పినా, ఊరికే కుశలమడిగినా ఫలితం ఒకేలా ఉండటం అందులోని విశేషం. ఆ సాయంత్రం ఏడింటికి ఆసుపత్రినుంచి ఒక పిలుపు, మర్నాడు ఒక వాట్సాప్ సందేశం లంక గ్రామానికి కూడా చేరతాయి. నొప్పి రేపు ఎక్కువవుతుందని, ఎల్లుండి తగ్గుతుందని ముందే విన్న పిల్లవాడు ఏదో చెడిపోయిందని హడలిపోడు, తల్లి ఆర్‌ఎంపీ దగ్గరకు పరుగెత్తదు. రోజుకు పదుల సంఖ్యలో రోగులను చూసే విభాగాల్లో ఈ రెండు నిమిషాల మాటకే తీరిక దొరకకపోవడం విచారకరం.

కండరాల బిగువుకు వేరే పద్ధతి కావాలి. గోరువెచ్చని నీటిలో తడిపి పిండిన గుడ్డను చెంప వెనుక భాగంలో పది పదిహేను నిమిషాలు ఉంచి, ఆ తరువాత మూడు వేళ్ళతో మాసెటర్ కండరాన్ని గుండ్రంగా మర్దించి, నాలుక కొనను పై పళ్ళ వెనుక అంగిలికి ఆనించి, నొప్పి లేనంతమేరకే నోటిని మెల్లగా తెరిచి మూయడం రోజుకు రెండు మూడుసార్లు చేస్తే రెండు రోజుల్లో సడలుతుంది. పెదవులు కలిసి ఉన్నా పళ్ళ మధ్య కొంచెం సందు ఉండటం దవడకు సహజమైన విశ్రాంతి స్థితి. చదువుకొంటూ, ఫోను చూస్తూ పళ్ళు కరిచిపట్టడం అలవాటైనవారు దీన్ని గుర్తుచేసుకొంటూ ఉండాలి. రబ్బరు బ్యాండ్లు నొప్పిగా ఉన్నాయని తీసేసి, తగ్గాక తగిలించి, మళ్ళీ తీసేయడంవల్ల ప్రతిసారీ నొప్పి మొదటికి వస్తుంది. వైద్యుడు చెప్పినన్ని గంటలు వదలక పెట్టుకొన్నవారికే నొప్పి త్వరగా పోతుంది.

అయితే నోరు తెరుచుకోకపోవడమంతా క్లిప్పుల పుణ్యమే కాదు. ఆరోగ్యవంతుడు తన మూడు వేళ్ళను నిలువుగా పై, కింది ముందు పళ్ళ మధ్య పెట్టగలగాలి, అంటే సుమారు 40 మిల్లీమీటర్లు. నిషేధాలున్నా చేతికి అందుతున్న గుట్కా, వక్కపొడి నమిలే యువకుల్లో నోటి లోపలి పొర గట్టిపడి, పాలిపోయి, నోరు క్రమంగా మూసుకుపోయే సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అనే జబ్బు వస్తుంది. కొందరిలో అది కాన్సరుగా మారుతుంది. కారం తగిలితే భరించలేని మంట, వారాలు గడిచినా సడలని బిగువు ఉంటే తీగను నిందించి ఊరుకోకుండా చెంపల లోపలి భాగాన్ని పరీక్ష చేయించాలి. ఒకవైపు వాపు, జ్వరం, మింగలేకపోవడం, దవడ తెరిచినచోటే నిలిచిపోవడం, పది రోజులు దాటినా తగ్గని నొప్పి, ఒక్క పన్ను మాత్రమే విపరీతంగా ఊగడం కూడా వెంటనే చూపించుకోవలసిన లక్షణాలు.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద కొల్లేటిని ముంచెత్తినట్టుగా రోడ్లమీదికి నీరు చేరే రోజుల్లో బిగించే తేదీ దాటిపోవడం ఈ ప్రాంతపు రోగులకు తప్పదు. రెండు మూడు వారాలు ఆలస్యమైతే చికిత్స కాలం కొంత పెరగడమేగాని సాధారణంగా పళ్ళకు హాని ఉండదు, గుచ్చుకొంటున్న తీగ కొనమీద ఆసుపత్రివారిచ్చిన మైనాన్ని బఠాణీ గింజంత అద్దితే దారి తెరుచుకొనేదాకా గడుస్తుంది. రబ్బరు బ్యాండ్లు, పళ్ళను లాగే రబ్బరు గొలుసులు ఉన్నవారు మాత్రం వాటిని కొనసాగించాలో ఆపాలో వైద్యుణ్ణి ఫోనులో అడిగి తెలుసుకోవాలి.